వావివరుసలు: అమ్రాబాదు సీమనుండి యొక పాఠము



బిడ్డ మొట్టమొదట నేర్చుకొను మాటలు చుట్టరికమును దెలుపునవి. అమ్మ, నాన్న, అక్క, అన్న, తాత అను పదములను బలుకగలిగిన పిదపనే మనమందరము తక్కిన భాషను నేర్చితిమి. అందరకును వచ్చిన మాటలే యగుటచేత వానిని గూర్చి బడిలో పాఠము చెప్పుట యరుదు. అయినను వ్యాకరణమునకు సూత్రములున్నట్లే యీ మాటలకును సూత్రములు గలవు. వానినే మన పెద్దలు వావివరుసలనిరి. ఎన్నడును ఒకరినొకరు చూడని యిద్దరు చుట్టములు పెండ్లి పందిరిలో గలిసికొన్నప్పుడు "మనకు ఏమి వరుస?" అని యడుగుకొనుట మన పల్లెలలో నేటికిని వినవచ్చును. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకినగాని సంభాషణము ముందునకు సాగదు. ఏలయన, వరుస తెలిసినప్పుడే ఎవరు ఎవరికి ఏమి చేయవలెనో తెలియును. ప్రతి చుట్టరికపు పదమునందును ఒక బాధ్యత యిమిడియున్నదని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

1. రెండు ప్రశ్నలు

ఆంగ్లభాషలో తండ్రి యన్నకు, తండ్రి తమ్మునికి, మేనమామకు, మేనత్త భర్తకు, పినతల్లి భర్తకు 'అంకుల్' అను నొకటే మాట. వారి బిడ్డలకందరకును, ఆడుమగ భేదము సైతము లేక, 'కజిన్' అను నొకటే మాట. తెనుగున నట్లు గాదు. ఒక మనుష్యుని ఏమని పిలువవలెనో నిర్ణయించుటకు మనము రెండు సంగతులు తెలిసికొనవలెను. మొదటిది, అతడు పెద్దవాడా, చిన్నవాడా? రెండవది, అతడు తోబుట్టువుల పక్షమువాడా, వియ్యమువారి పక్షమువాడా?

మొదటి ప్రశ్న సులభము. అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అను నాలుగు పదములలోను వయస్సు ఇమిడియున్నది. సోదరుడు, సహోదరుడు అను మాటలు పెద్దచిన్నల భేదము లేక చెల్లును గాని అవి సంస్కృతమునుండి వచ్చినవి; ఒకే యుదరమున జన్మించినవాడని వాని యర్థము. ఇంటిలో తమ్ముని జూచి "సోదరుడా" యని పిలుచువారు లేరు. ఇట్టి ప్రశ్నలు అన్ని భాషలయందును ఒక్కతీరున నుండవు. మలయ్ భాషలో 'అదిక్' అను పదము తమ్మునికిని జెల్లును, చెల్లెలికిని జెల్లును. అనగా ఆ భాష వయస్సు నడుగును గాని ఆడుమగ భేదము నడుగదు. ఆంగ్లము ఆడుమగ భేదము నడిగి వయస్సును విడిచిపెట్టును. తెనుగు రెంటిని నడుగును.

రెండవ ప్రశ్నయే మన భాషకు ప్రాణము. దాని సూత్ర మిది: పురుషునితో బుట్టిన పురుషుని, స్త్రీతో బుట్టిన స్త్రీని వారితో సమానముగా నెంచుము, పురుషునితో బుట్టిన స్త్రీని, స్త్రీతో బుట్టిన పురుషుని వేరు పక్షముగా నెంచుము.

దీనిని ప్రయోగించి చూడుడు. తండ్రితో బుట్టిన పురుషుడు తండ్రియే. కావున పెదతండ్రి, పినతండ్రి. తల్లితో బుట్టిన స్త్రీ తల్లియే. కావున పెద్దమ్మ, చిన్నమ్మ. తల్లితో బుట్టిన పురుషుడు మేనమామ. తండ్రితో బుట్టిన స్త్రీ మేనత్త. పెదతండ్రి బిడ్డలును చిన్నమ్మ బిడ్డలును మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. మేనమామ బిడ్డలును మేనత్త బిడ్డలును అట్లు గారు; వారు బావలు, బావమరదులు, వదినెలు, మరదండ్రు.

క్రింది తరమునందును ఇదే సూత్రము. పురుషునకు అన్నదమ్ముల బిడ్డలు కొడుకులు, కూతుండ్రు. అక్కచెల్లెండ్ర బిడ్డలు మేనల్లుండ్రు, మేనకోడండ్రు. స్త్రీకి ఇది తలక్రిందగును. ఆమెకు అక్కచెల్లెండ్ర బిడ్డలు కొడుకులు, కూతుండ్రు. అన్నదమ్ముల బిడ్డలు మేనల్లుండ్రు, మేనకోడండ్రు. ఇపు డొక చిత్రమును గమనింపుడు. కూతురి భర్తయు అల్లుడే. కొడుకు భార్యయు కోడలే. భార్య తల్లియు, భర్త తల్లియు అత్తయే. వారి మగలు మామలే. అక్క భర్త బావ; అన్న భార్య వదినె. అనగా మేనమామ బిడ్డకును మేనత్త బిడ్డకును పెండ్లి చేయవచ్చునను ఆచారమును మన భాష తన పదములలోనే వ్రాసిపెట్టుకొన్నది. పెండ్లి జరుగకపోయినను పదములు మాత్రము అట్లే నిలిచియున్నవి.

మన కథలయందును ఈ వరుసలే నడచుచున్నవి. భారతమున సుభద్ర అర్జునునకు మేనమామ కూతురు. ఏలయన ఆమె తండ్రియగు వసుదేవుడు కుంతికి తోబుట్టువు. బైబిలు గ్రంథమున లాబాను యాకోబు తల్లికి తోబుట్టువు. కావున రాహేలు యాకోబునకు మరదలు. ఆంగ్లమున చదివిన బాలునికి 'కజిన్' అను మాటచే తోచని సంగతి తెనుగు బాలునికి 'మరదలు' అనగానే తోచును.

2. దూరపు చుట్టములు

ఈ సూత్రము దగ్గరివారితో నాగదు. నా తండ్రి తల్లికి ఒక చెల్లెలున్నదనుకొనుడు. ఆమె కుమారుడు నాకేమగును? స్త్రీతో బుట్టిన స్త్రీ సమానము గనుక ఆమె నా తండ్రికి తల్లివంటిది. ఆమె కుమారుడు నా తండ్రికి అన్నయో తమ్ముడో యగును. కావున నాకు పెదతండ్రియో పినతండ్రియో. అతని బిడ్డలు నాకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు.

నా తండ్రి తల్లికి ఒక అన్న యున్నదనుకొనక, ఒక అన్న యున్నాడనుకొనుడు. అతని కుమారుడు నా తండ్రికి మేనమామ కొడుకు, అనగా బావయో బావమరదియో. తండ్రికి బావయైనవాడు నాకు మామ. అతని కూతురు నాకు మరదలో వదినెయో యగును. ఇట్లు నాలుగైదు తరముల చుట్టమునైనను రెండు నిమిషములలో వరుస కలిపి పిలువవచ్చును. అక్షరము ముక్క రాని వృద్ధురాండ్రు ఈ లెక్కను నోటితో చేయుచుందురు.

ఇట్టి క్రమము ప్రపంచమున మరియెచ్చటనైనను గలదా? అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున లూయిస్ హెన్రీ మోర్గన్ అను న్యాయవాది యుండెను. తన యూరికి సమీపమున నివసించు సెనెకా జాతివారు తండ్రి సోదరుని తండ్రియనియు, తల్లి సోదరిని తల్లియనియు పిలుచుట యాతడు గమనించెను. అంతట చుట్టరికపు పదముల పట్టికల నచ్చువేయించి దేశదేశములందలి మిషనరీలకును రాజప్రతినిధులకును పంపెను. దక్షిణ హిందూదేశమున బనిచేయుచుండిన అమెరికను మిషనరీలు పంపిన తమిళ పదములు సెనెకా పదముల క్రమమునే పోలియుండుట చూచి యాశ్చర్యపడెను. 1871లో వాషింగ్టనునందలి స్మిత్సోనియన్ సంస్థ ప్రకటించిన ఆతని పెద్ద గ్రంథమున తమిళ, తెలుగు, కన్నడ పదముల పట్టికలు చేరియున్నవి. చుట్టరికములను శాస్త్రముగా పరిశోధించుట ఆ గ్రంథముతో నారంభమైనదని చెప్పుదురు.

అయితే ఆ పోలిక సంపూర్ణము గాదని 1964లో ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ యను పండితుడు నిరూపించెను. పైని చెప్పిన రెండవ యుదాహరణమును జ్ఞాపకము చేసికొనుడు. తండ్రి మేనమామ కొడుకును మనము మామ యందుము. సెనెకావారు అతనిని గూడ తండ్రియనియే యందురు. ఏలయన వారికి తండ్రి తరమున తండ్రి పక్షపు మగవారందరును తండ్రులే. మేనరికపు పెండ్లి మన పదములకు మూలము. వారికి అట్టి యాచారము లేదు. రెండు చెట్ల యాకులు దూరమునుండి ఒకటిగా గనబడినను వేళ్లు వేరని దీనివలన దెలియుచున్నది.

3. అమ్రాబాదు చెంచులు

ఇంతవరకు చెప్పినది లెక్క. ఆ లెక్క జీవనమునకెట్లు ఉపయోగించునో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. కృష్ణానదికి ఉత్తరమున నల్లమల కొండలపై నున్న అమ్రాబాదు పీఠభూమి చెంచులకు నివాసము. ఈ సీమ పూర్వము మహబూబునగరు జిల్లాలో నుండి 2016లో నాగరుకర్నూలు జిల్లాలో జేరినది. ఆస్ట్రియా దేశీయుడగు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞుడు 1940లో ఇచ్చటి చెంచుల నడుమ నివసించి, వారిని గూర్చి వ్రాసిన గ్రంథమును 1943లో ప్రకటించెను. చెంచులు మాటాడునది తెనుగే. వారి చుట్టరికపు పదములును మన సూత్రమునే యనుసరించును.

చెంచుల గూడెమును పెంట యందురు. పూర్వము ఒక్కొక్క పెంటకు గడ్డలు త్రవ్వుకొనుటకును, తేనె తీయుటకును, వేటాడుటకును అడవిలో నొక యెల్ల యుండెడిది. ఆ యెల్లలో ఎవరికి హక్కు? పత్రములు లేవు, పట్టాలు లేవు. ఆ పెంటలో చుట్టమున్నవానికి హక్కు. పెండ్లియైన పురుషుడు తన తండ్రి పెంటలో నుండవచ్చును, భార్య పెంటకైనను పోవచ్చును. అక్కడ అత్తమామలును బావమరదులును ఉన్నారు గనుక ఆ యడవిలోని గడ్డయు తేనెయు అతనివియు నగును. కావున 'బావ' యను పిలుపు ఆ యడవిలోనికి ప్రవేశించుటకు అనుమతి పత్రము వంటిదై యుండెను.

తోకల, నిమ్మల, దాసరి మొదలగు ఇంటిపేర్లు చెంచులయందు గలవు. ఒకే యింటిపేరు గలవారు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికి పెండ్లి కూడదు. కొన్ని యింటిపేర్లు వేరైనను ఒకదానికొకటి అన్నదమ్ముల వరుసగా నుండును, వారిలోను కూడదు. కొత్త పెంటకు వచ్చిన మనుష్యుని ఇంటిపేరు వినగానే అతడు అన్నయో బావయో చెప్పుదురు.

కొండచరియలయందలి తేనెపట్టులను దీయుటకు మనుష్యుడు త్రాటిపై వ్రేలాడి దిగవలెను. పైని ఆ త్రాటిని కాచుకొనియుండువాడు బావమరది కావలెనని వారిలో నొక కట్టుబాటు. తన అక్కయో చెల్లెలో విధవ కాకుండ జూచుకొనవలసిన భారము అతనిది గదా. ఈ యొక్క సంగతిచేతనే చుట్టరికపు పదమున కెంత బరువున్నదో తెలిసికొనవచ్చును. ఒక ప్రాణము ఒక మాటపై వ్రేలాడుచున్నది.

దేవతలతోడను వారు వరుస కలుపుకొనిరి. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనను కథవలన అహోబిల ప్రాంతపు చెంచులు ఆ స్వామిని తమ యింటి అల్లునిగను బావగను భావింతురు. సంక్రాంతి తరువాత జరుగు పారువేట యుత్సవమున స్వామి చుట్టుపట్ల పల్లెలకు వెళ్లుట, అత్తవారివైపు చుట్టములను తన కల్యాణమునకు బిలుచుటకే యని చెప్పుదురు. శ్రీశైల మల్లికార్జునుని చెంచు మల్లన్న యని యందురు. గొప్పవారిని దగ్గరచేసికొనుటకు చెంచులకు తెలిసిన మార్గము వరుస కలుపుటయే.

4. బడిలో నీ మాటలు

ఉపాధ్యాయులకు నీ సంగతి మిక్కిలి యవసరము. ఆశ్రమపాఠశాలలో నొక చెంచు బాలుడున్నాడనుకొనుడు. ఒకనాడు ఒక పురుషుడు వచ్చి వానిని జూచిపోయెను. "వచ్చిన దెవరు?" అని యడుగగా బాలుడు "మా నాయన" అనెను. నెల తిరుగకముందే మరియొక పురుషుడు వచ్చెను. అప్పుడును "మా నాయన" అనెను. అలవాటు లేని పంతులు బాలుడు బొంకెనని కోపపడవచ్చును. బాలుడు బొంకలేదు. పెద్దనాయన, చిన్నాయన అను మాటలలోని పెద్ద, చిన్న అను విశేషణములు పలుకులో జారిపోవుట సహజము. వానికి ఇద్దరును తండ్రులే.

ప్రాంతభేదమును గూడ గమనింపవలెను. తెలంగాణమునందలి పెక్కు పల్లెలలో 'అవ్వ' యనగా తల్లి. ఇతర జిల్లాలలో ఆ మాటకు ముసలమ్మ, అనగా తల్లి తల్లియో తండ్రి తల్లియో యని యర్థము. ఇచ్చట 'అయ్య' యనగా తండ్రి; మరియొకచోట అది మర్యాదపు పిలుపు. పినతండ్రిని కొందరు చిన్నాయన యందురు, కొందరు కాక యందురు, కోస్తా జిల్లాలలో బాబాయి యందురు. తోడికోడలిని ఇచ్చట యారాలు అందురు. "మా అవ్వ జ్వరముతో నున్నది" అని బాలిక సెలవు కోరినప్పుడు, ఇంటిలో నున్న ముసలమ్మకు జ్వరమని తలచి సెలవీయకున్నచో, తల్లికి గంజి కాచియిచ్చు దిక్కుండదు. ఒక మాట నెరుగకపోవుటచేత నెంత బాధ కలుగునో చూడుడు.

ప్రవేశపత్రములలో 'తండ్రి లేక సంరక్షకుడు' అని యుండును. తండ్రి చనిపోయిన బిడ్డకు సంరక్షకుడెవరని యడుగుదుము. మన భాష ఆ ప్రశ్నకు బిడ్డ పుట్టిననాడే ప్రత్యుత్తరము చెప్పియుంచినది. పెదతండ్రి యను పదములో తండ్రి యున్నాడు. పినతల్లి యను పదములో తల్లి యున్నది. ఆ పేరు పెట్టించుకొన్నవారు బిడ్డను విడిచిపెట్టుట లోకమునకు సిగ్గుచేటు. అందరును ఆ భారమును మోయుచున్నారని కాదు. మోయనివానిని నిలదీయుటకు ఆ మాట సాక్షిగా నున్నదని భావము.

5. మాటను నిలుపుట, పెండ్లిని విచారించుట

ఇచ్చట తలిదండ్రులకు నొక మాట చెప్పవలసియున్నది. మరదలు, బావ అను పదములు పెండ్లికి వరుస కలదని మాత్రమే తెలుపును. పెండ్లి చేసితీరవలెనని చెప్పవు. నేటి శాస్త్రము దగ్గరి మేనరికములను గూర్చి హెచ్చరించుచున్నది. మేనమామ బిడ్డకును మేనత్త బిడ్డకును వారి జన్యువులలో సగటున ఎనిమిదింట నొక పాలు ఉమ్మడిగా వచ్చినవై యుండును. మన జిల్లాలలో కొన్ని కులములందు జరుగు మేనమామ, మేనకోడలి పెండ్లిలో నది నాలుగింట నొక పాలు. ఒక్క జన్యువున మరుగుపడియున్న దోషము తల్లినుండియు తండ్రినుండియు గూడ బిడ్డకు వచ్చినప్పుడు కొన్ని వంశపారంపర్య వ్యాధులు బయటపడును. చుట్టరికము దగ్గరైనకొలదియు ఆ యపాయము హెచ్చును. కావున వరుసను ప్రేమకును ఆదరణకును నిలుపుకొని, పెండ్లి విషయమున వైద్యుల సలహాను పొందుట మేలు. త్రాటిని కాచు బావమరది మేనమామ కొడుకే కానక్కరలేదు. దూరపు చుట్టమైనను వరుస వరుసయే.

అయితే పదములు మాత్రము మనకు తెలియకుండగనే జారిపోవుచున్నవి. పట్టణములలో బిడ్డలు మేనమామనైనను, పినతండ్రినైనను, పొరుగింటివానినైనను 'అంకుల్' అనియే పిలుచుచున్నారు. మేనత్తనైనను, చిన్నమ్మనైనను 'ఆంటీ' యనుచున్నారు. పొరుగువారిని అట్లు పిలుచుటలో దోషము లేదు. కాని మేనమామకును పొరుగువానికిని ఒకే పిలుపైనప్పుడు, మేనమామకు తన భారము జ్ఞాపకము చేయు మాట యింటిలో వినబడదు.

చెంచులకు ఈ చింత మరింత పెద్దది. వారిని ప్రభుత్వము 1975లో ఆదిమ గిరిజన సమూహములలో జేర్చినది. నేడు వారి యడవి అమ్రాబాదు పులుల అభయారణ్యములో నున్నది. అడవిలోపలి పెంటలను వెలుపలికి తరలించు ప్రయత్నములు జరుగుచున్నవి. ఒక కుటుంబమునకు ఇల్లును భూమియు నిచ్చి లెక్క సరిపోయినదనుకొనవచ్చును. కాని ఆ కుటుంబమునకు బావమరది యొకచోటను, మేనత్త మరియొకచోటను బడినచో, కష్టకాలమున పిలుచుటకు వరుస యుండును గాని పలుకుటకు మనుష్యుడుండడు. గృహములను లెక్కించు అధికారులు వరుసలను గూడ లెక్కించి, చుట్టములను ఒక్కచోట నుంచుట న్యాయము.

6. అభ్యాసము

డాక్టరు రివర్సు అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1898లో టారెస్ జలసంధి దీవులలో వంశవృక్షములను సేకరించు పద్ధతిని కనిపెట్టి, తరువాత మన నీలగిరులయందలి తోడవారి నడుమ ప్రయోగించి 1906లో గ్రంథము ప్రకటించెను. ఆ పద్ధతి మీరును అవలంబింపవచ్చును. సెలవులలో మీ యింటి పెద్దలయొద్ద కూర్చుండుడు. మొదట తండ్రి, తల్లి, బిడ్డ, భార్య, భర్త అను మాటలతోనే వారి చుట్టముల పేర్లడిగి వంశవృక్షమును గీయుడు. పిమ్మట ఒక్కొక్క పేరును జూపి "వీరిని నీవేమని పిలుతువు? వీరు నిన్నేమని పిలుతురు?" అని యడుగుడు. భర్త పేరు పలుకుటకు సంకోచించు అవ్వలను బలవంతపెట్టకుడు, ప్రక్కనున్నవారు చెప్పుదురు. పిదప ఈ క్రింది ప్రశ్నలకు ప్రత్యుత్తరములు వ్రాయుడు.

(1) తల్లి మేనత్త కుమారుడు మీకేమగును? సూత్రముతో సాధింపుడు.

(2) మీరు బాలురైనచో మీ చెల్లెలి బిడ్డ మీకేమగును? బాలికలైనచో ఏమగును?

(3) తోడల్లుడు, తోడికోడలు, వియ్యంకుడు, ఆడబిడ్డ: ఈ నాలుగు పదములకు మీకు తెలిసిన వేరొక భాషలో ఒక్కొక్క మాటతో సరిపోవు పదములున్నవా?

(4) మీ యూరిలో మాత్రమే వినబడు చుట్టరికపు పదములను ఐదింటిని సేకరింపుడు.

(5) మీ వంశవృక్షములో ఒక్కొక్క వరుసకు ఎదురుగా, ఆ చుట్టము మీ యింటికి చేసిన యుపకార మొకటి వ్రాయుడు.

ఐదవ ప్రశ్నకు మీ యవ్వలు చెప్పు ప్రత్యుత్తరములను శ్రద్ధగా వినుడు. వారు పేర్లను మరచియుండవచ్చును; కాని ఏ మేనమామ కరవునాడు జొన్నలు పంపెనో, ఏ పినతల్లి రాత్రియంతయు మేలుకొని బిడ్డను కాచెనో మరువరు. ఆ జ్ఞాపకములను వ్రాసిపెట్టుట మీ వంతు.